నెల తప్పకముందే ఎత్తవలసిన మాట: మూత్రపిండాల జబ్బు, గర్భధారణ

(తిరుపతిలో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థినులు, కొన్ని కుటుంబాల వారు హాజరైన సభలో ఒక మూత్రపిండ వ్యాధుల వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

సభకు నమస్కారం.

ఈ విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, వినేవాళ్ళలో డాక్టర్లు మాత్రమే ఉంటే నేను రానని నిర్వాహకులకు చెప్పాను. మూత్రపిండాల జబ్బు ఉన్న స్త్రీ తల్లి కావడమన్న సమస్య ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలు కాదు. అది పెళ్ళిచూపుల నాడే మొదలవుతుంది. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో సంబంధం కుదుర్చుకునేటప్పుడు జాతకం చూస్తారు, పొలం ఎన్ని ఎకరాలో కనుక్కుంటారు, అబ్బాయికి బెంగుళూరులో జీతమెంతో ఆరా తీస్తారు. కానీ "మా అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు ముఖమూ కాళ్ళూ నీరు పట్టి వేలూరులో ఏడాది పాటు మందులు వాడాము" అన్న ఒక్క వాక్యం మాత్రం ఎవరి నోటా రాదు. పెళ్ళయ్యాక ఆ మాత్రలు బీరువాలో చీరల మడతల మధ్యకు చేరతాయి, కొన్నాళ్ళకు అసలే ఆగిపోతాయి. తల్లిదండ్రులను నేను తప్పు పట్టడం లేదు. ఆ మాట చెబితే సంబంధం తప్పిపోతుందన్న వాళ్ళ భయం ఉత్త భయం కాదని నాకూ తెలుసు.

పలమనేరు వైపు నుంచి కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మాయిని ఏడో నెలలో తీసుకువచ్చారు. రక్తపోటు 180/110, మూత్రపిండాలు చెడేకొద్దీ రక్తంలో పేరుకునే వ్యర్థం క్రియాటినిన్ 3 దాటింది, కళ్ళు మసకలుగా ఉన్నాయంటున్నది. బిడ్డ దక్కలేదు. తల్లి బతికింది గాని, రెండేళ్ళలోపే డయాలసిస్‌కు వచ్చింది. నన్ను ఇప్పటికీ వదలనిది ఆమె చేతిలో ఉన్న పసుపుపచ్చని గుడ్డసంచి. అందులో ఎనిమిదేళ్ళ రిపోర్టులు తేదీల వారీగా, చిరగకుండా, మడత నలగకుండా ఉన్నాయి. ఆ ఏడు నెలలలో వాటిని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చూపించలేదు. ఎందుకు చూపించలేదమ్మా అంటే, "చూపిస్తే బిడ్డను తీసేయమంటారని భయపడినాను సార్" అన్నది.

ఆ భయం ఆమెకు ఎవరు కలిగించారు? మేమే. నేను చదువుకున్న రోజులలో మాకు నేర్పిన పద్ధతి చాలా సులువు: మూత్రపిండాల జబ్బు ఉన్న ఆడపిల్లకు పిల్లలు వద్దని చెప్పడం, మాట వినకుండా గర్భంతో వస్తే తీయించుకోమనడం. ఆ "వద్దు" అన్న మాట వల్ల గర్భాలు ఆగలేదు, ఆ ఆడవాళ్ళు మా దగ్గరకు రావడం ఆగింది. అయిదో నెల దాటి, ఇక ఎవరూ ఏమీ చేయలేరని ధైర్యం వచ్చాకనే మాకు కనిపించేవారు. అందువల్ల ఈరోజు నేను చెప్పదలచినది పిల్లల్ని కనవచ్చా, కనకూడదా అన్న తీర్పు కాదు. ఎవరికి ఎంత ప్రమాదమో లెక్కతో సహా ముందే చెప్పి, ఏ సమయంలో, ఏ మందులతో, ఎవరి పర్యవేక్షణలో అన్నది నెల తప్పకముందే తేల్చుకోవాలని మాత్రమే నా మనవి. ప్రపంచ కిడ్నీ దినం ఏటా మార్చి రెండో గురువారం వస్తుంది. 2018లో అది మార్చి 8న, అంటే మహిళా దినోత్సవం నాడే వచ్చింది, ఆ ఏటి అంశం కూడా మూత్రపిండాలు, స్త్రీల ఆరోగ్యమే. ఆ రోజు ఎన్నో సభలు జరిగాయి, కానీ పెళ్ళిచూపుల దగ్గర దాగిన ఆ ఒక్క వాక్యం బయటకు రాలేదు.

ఇక శరీరంలో జరిగేది చూద్దాం. మామూలుగా మన రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా తిరిగి రక్తంలోకి పంపుతాయి. నెల తప్పిన కొద్ది వారాలకే ఈ వడపోత పెరగడం మొదలై, నాలుగు అయిదు నెలలు వచ్చేసరికి మునుపటికన్నా దాదాపు సగం అదనంగా సాగుతుంది. రక్తంలోని ద్రవభాగం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, రక్తనాళాలు వదులవుతాయి, నడిమి నెలలలో రక్తపోటు కొంత తగ్గుతుంది. మూత్రపిండాలు కాస్త ఉబ్బుతాయి. మూత్రనాళాలు, ముఖ్యంగా కుడివైపుది, వెడల్పవుతాయి. స్కానింగులో ఇది కనబడి "కిడ్నీకి నీరు పట్టింది" అని రాస్తే కంగారుపడి పరుగెత్తుకొచ్చేవాళ్ళు చాలామంది, అందులో ఎక్కువమందికి ఏమీ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకు ఈ అదనపు పని చేయగల శక్తి నిల్వ ఉంటుంది. జబ్బుపడిన మూత్రపిండాలలో మిగిలిన జల్లెళ్ళు అప్పటికే తమ శక్తికి మించి పనిచేస్తుంటాయి. ఎడ్లు రెండూ డస్సిపోయిన బండి మీద మరో పది బస్తాలు వేసినట్లవుతుంది.

ఈ అదనపు వడపోత వల్ల ఆరోగ్యవంతురాలైన గర్భిణికి క్రియాటినిన్ పెరగదు, తగ్గుతుంది. నర్సింగ్ చదువుతున్న పిల్లలు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పొరపడేవాళ్ళను నేను ఎక్కువగా చూశాను. గర్భవతికి క్రియాటినిన్ సాధారణంగా 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ల్యాబు కాగితం మీద మాత్రం 1.1 వరకో 1.2 వరకో నార్మల్ అని అచ్చువేసి ఉంటుంది. ఆ అచ్చువేసిన అంకె గర్భవతి కాని వాళ్ళది. గర్భవతికి 0.9 వచ్చిందంటే ఆమె మూత్రపిండాలు చేయవలసిన పని చేయడం లేదని అర్థం, అయినా కాగితం మీద ఎర్రగీత పడదు, ఎవరూ ఆగి చూడరు. 0.87 దాటితే అనుమానించాలని నేను మా పిల్లలకు చెబుతాను. రక్తపరీక్ష కింద యంత్రమే లెక్కగట్టి వేసే వడపోత వేగం కూడా గర్భవతుల విషయంలో నమ్మదగినది కాదు. ఆ సూత్రాలు వాళ్ళ కోసం తయారు చేసినవి కావు.

మూత్రపరీక్ష సంగతి ఇంకా తేలిక. మన ఉపకేంద్రాలలో పుల్ల ముంచి చూసే ఆల్బుమిన్, అంటే మూత్రంలో పోయే ప్రొటీను, పరీక్ష ప్రతి గర్భవతికీ మొదటి మూడు నెలలలోనే జరగాలి. 20 వారాలు నిండకముందే మూత్రంలో ఆల్బుమిన్ కనబడినా, రక్తపోటు 140/90 ఉన్నా, అది సాధారణంగా గర్భం వల్ల వచ్చినది కాదు, అంతకుముందు నుంచే ఉన్నది. గుర్రపువాతానికి, అంటే గర్భిణికి వచ్చే మూర్ఛలకు, దారితీసే ప్రీఎక్లాంప్సియా (రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రొటీను పోయే జబ్బు) మామూలుగా 20 వారాల తరువాతే తలెత్తుతుంది. మొదటి పరీక్ష ఏడో నెలలో చేస్తే, ఆల్బుమిన్ పాతదా కొత్తదా అని చెప్పడం ఎంత గొప్ప డాక్టరుకైనా కష్టమే. కాబట్టి ఏఎన్‌ఎం అమ్మలారా, మూడో నెలలో మీరు తల్లీబిడ్డల కార్డు మీద రాసే ఆ చిన్న అంకె, ఎనిమిదో నెలలో కాన్పు ఇప్పుడే చేయాలా, ఆగవచ్చా అన్న నిర్ణయానికి మాకు ఆధారమవుతుంది. రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి ప్రొటీను పోతుంటే గర్భంలో అది ఎక్కువ కిందే లెక్క. కాళ్ళవాపు గర్భిణులందరికీ మామూలేనని సరిపెట్టుకోవద్దు. పొద్దున లేవగానే కళ్ళకింద ఉబ్బు, నురుగుతో కూడిన మూత్రం ఉంటే పుల్ల పరీక్ష ఆ పూటే చేయించాలి.

ప్రమాదం ఎంతో లెక్కతో చెబుతానన్నాను కదా. గర్భం ధరించే నాటికి క్రియాటినిన్ 1.4 లోపు ఉండి, రక్తపోటు అదుపులో ఉన్న స్త్రీ, తన మూత్రపిండాల పనితనంలో పావు వంతుకు మించి పోగొట్టుకునే అవకాశం నూటికి ఇద్దరి దగ్గరే ఉంటుంది. 1.4కూ 2కూ నడుమ ఉన్నవాళ్ళలో అది నూటికి 40 మందికి చేరుతుంది. 2 దాటినవాళ్ళలో 70 మంది. 2 దాటినవాళ్ళందరిలో సుమారు మూడో వంతు కాన్పయిన ఏడాదిలోపే డయాలసిస్ దాకా వెళ్ళిపోతారు. ఇవి 2008లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక సమీక్షలోని అంకెలు. మన ఊళ్ళకు అచ్చుగుద్దినట్లు సరిపోతాయని నేను అనను గాని, మెట్టు మెట్టుకూ ప్రమాదం ఎలా దూకుతుందో మాత్రం అవి చూపిస్తాయి. ఇటలీ వైద్యులు 2007లో మరో సంగతి గమనించారు: వడపోత నిమిషానికి 40 మిల్లీలీటర్ల కన్నా తక్కువగా ఉండటం, రోజుకు ఒక గ్రాముకు మించి ప్రొటీను పోవడం, ఈ రెండూ కలిసి ఉన్నవాళ్ళలోనే మూత్రపిండాలు మునుపటికన్నా వేగంగా చెడిపోయాయి, రెంటిలో ఏదో ఒక్కటే ఉన్నవాళ్ళలో అంత వేగం కనబడలేదు. అలాగని, వడపోత తగ్గేకొద్దీ ఒకటి నుంచి అయిదు వరకూ లెక్కపెట్టే దశలలో జబ్బు మొదటి దశలో ఉన్నదంటే నిశ్చింతగా ఉండవచ్చని కాదు. ఆ దశలో కూడా నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా ఉండటం, ప్రీఎక్లాంప్సియా రావడం మిగతావాళ్ళకన్నా ఎక్కువే. అయినా, మొదటి రెండు దశలలో ఉన్న స్త్రీకి బిడ్డలు వద్దనే హక్కు నాకు లేదని నా అభిప్రాయం. మూడో దశ చివర, నాలుగో దశలో ఉన్న స్త్రీతో మాత్రం భర్తనూ పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడాలి. అత్తగారిని బయట కూర్చోబెట్టాలి.

మందుల విషయంలో రెండు వైపుల నుంచీ తప్పులు జరుగుతాయి. మూత్రంలో ప్రొటీను తగ్గించడానికి మేము తరచూ రాసే టెల్మిసార్టన్, లోసార్టన్ వంటివి, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి నాలుగో నెల నుంచి బిడ్డ మూత్రపిండాల మీద దెబ్బ తీస్తాయి. బిడ్డ మూత్రమే చాలావరకు ఉమ్మనీరవుతుంది గనుక, బిడ్డకు మూత్రం ఆగితే ఉమ్మనీరు ఇంకిపోతుంది, ఊపిరితిత్తులు ఎదగవు. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవాళ్ళూ, ఒంటి రక్షణశక్తి ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బు ఉన్నవాళ్ళూ వాడే మైకోఫెనొలేట్ వల్ల గర్భస్రావాలు, బిడ్డకు చెవి, పెదవి లోపాలు వస్తాయి కాబట్టి దాన్ని గర్భానికి కనీసం ఆరు వారాల ముందే ఆపి, అజాథయోప్రిన్‌కు మార్చి, ఆ మార్పు ఒంటికి సరిపడిందో లేదో కొన్ని నెలలు చూడాలి. సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్లు, మధుమేహానికి కొత్తగా వచ్చిన గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు ఇవన్నీ ముందే ఆపవలసినవి. ఇది ఒకవైపు తప్పు. రెండోవైపు తప్పు ఇంకా పెద్దది: గర్భం నిలిచిందనగానే "మాత్రలు బిడ్డకు వేడి చేస్తాయి" అని మందులన్నిటినీ ఒక్కసారిగా మానివేయడం. ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్, టాక్రోలిమస్, హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో కొనసాగించవలసిన మందులు. లూపస్ ఉన్న అమ్మాయి హైడ్రాక్సీక్లోరోక్విన్ మానేస్తే జబ్బు తిరగబెట్టడం మేము చూస్తూనే ఉన్నాము. బీపీకి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉన్నాయి, వీటితో 135/85 దగ్గర నిలబెట్టడం మా లక్ష్యం. అందుకే ఏ మాత్ర ఉంచాలో, ఏది మార్చాలో గర్భం రాకముందే తేలాలి. మందులషాపు దగ్గర తేలే విషయం కాదిది.

లూపస్ ఉన్నవాళ్ళకు ఇంకొక్క మాట. జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదించి ఉన్నాకనే గర్భానికి సిద్ధపడాలి. మధుమేహం ఉన్నవాళ్ళు, గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీని 6.5 దగ్గరకు తెచ్చుకోవాలి. మూత్రపిండాల నిండా నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బు ఉంటే, బిడ్డకు అది సంక్రమించే అవకాశం సగానికి సగం. ఆ సంగతి దంపతులిద్దరికీ ముందే చెప్పాలి.

నాటుమందుల గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన పుత్తూరు కట్టుకు ఎముకలు అతుకుతాయని నమ్మకంతో దేశం నలుమూలల నుంచీ వస్తారు, ఆ సంగతి నేను ఎత్తను. కానీ నెల నిలవడానికని, మగబిడ్డ కోసమని పొట్లం కట్టి ఇచ్చే భస్మాలూ ఉండలూ మూత్రపిండాల జబ్బు ఉన్న మనిషికి ఇవ్వకండి. వాటిలో పాదరసం, సీసం ఉన్న సందర్భాలు ఉన్నాయి, అవి ముందుగా చెరిచేది మూత్రపిండాలనే.

ప్రీఎక్లాంప్సియాను పూర్తిగా ఆపే మందు లేదు, తగ్గించే మందు ఒకటుంది. అది చవకైన ఆస్పిరిన్. 12 వారాల నుంచి, ఆలస్యమైనా 16 వారాలు దాటకుండా మొదలుపెట్టి, 75 నుంచి 150 మిల్లీగ్రాముల మాత్రను రాత్రిపూట, 36వ వారం వరకూ వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్న ప్రతి గర్భవతికీ, వేరే అభ్యంతరం లేకపోతే, ఇది ఇవ్వవలసిందే. ఇంత చిన్న మాత్ర గురించి ఇంతసేపు ఎందుకంటే, అయిదో నెలలో నా దగ్గరకు వచ్చేవాళ్ళకు దాన్ని రాసే అదను అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఇప్పుడు మన ప్రాంతానికే చెందిన ఒక చిక్కు. తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్ళడం మన ఆచారం, మంచిదే. సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పంపిస్తారు. అత్తిల్లు మదనపల్లెలో, పుట్టిల్లు తిరుత్తణిలోనో గుడియాత్తంలోనో కోలారులోనో ఉంటుంది. సరిగ్గా మూత్రపిండాల మీద భారం, ప్రీఎక్లాంప్సియా ప్రమాదం ఎక్కువగా ఉండే నెలలలో ఆమె డాక్టరు మారుతుంది, రాష్ట్రం మారుతుంది, మందుల చీటీ భాష మారుతుంది. అప్పటిదాకా చూసిన ఏఎన్‌ఎంకు ఆమె కనబడదు, అవతల చూడవలసినవారికి ఆమె సంగతి తెలియదు. ఆచారం మానమని నేను చెప్పను. పుట్టింట్లో కాన్పు కావాలంటే అయిదో నెలలోనే ఒకసారి వెళ్ళి, అక్కడి ప్రసూతి డాక్టరుకూ కిడ్నీ డాక్టరుకూ కాగితాలు చూపించి, పేరు రాయించుకుని రావాలి. అలా పేరు రాయించుకునే ఆసుపత్రిలో నెలలు తక్కువైన బిడ్డను ఉంచే ప్రత్యేక విభాగం ఉండాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచితంగా నిపుణుల పరీక్షలు జరిగే కార్యక్రమం 2016 నుంచి దేశమంతటా ఉన్నది. ఇలాంటి అమ్మాయిని కనీసం ఆ రోజైనా తప్పకుండా తీసుకురండి.

కాన్పుగదిలో పనిచేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. గుర్రపువాతం రాకుండా, వచ్చినా ఆగేలా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ప్రాణాలు నిలిపే మందు, మొదటి మోతాదు ఎవరికైనా పూర్తిగానే ఇవ్వాలి. అయితే అది ఒంట్లోంచి బయటపడే దారి మూత్రపిండాలే కాబట్టి, అవి చెడినవాళ్ళకు తరువాతి మోతాదులను తగ్గించాలి. ప్రతి మోతాదుకు ముందు మోకాలి కింద తట్టితే కాలు ఎగురుతున్నదా, నిమిషానికి 16 సార్లయినా ఊపిరి తీస్తున్నదా, గంటకు 30 మిల్లీలీటర్ల మూత్రమైనా వస్తున్నదా చూడాలి. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకోవాలి. కాన్పయ్యాక నొప్పికి అలవాటుగా పొడిచే డైక్లోఫెనాక్ ఇంజెక్షను ఈ తల్లులకు పనికిరాదు. ఒకచోట, ఆ చోటు పేరు అనవసరం, కాన్పు చక్కగా జరిగి, బిడ్డా తల్లీ బాగుండి, మూడు రోజుల పాటు ఆ ఇంజెక్షను పొడవడం వల్ల క్రియాటినిన్ 1.5 నుంచి 4కు పెరిగిన తల్లిని నేను చూశాను. పారాసెటమాల్‌తో ఆ నొప్పి తగ్గేది. ఇంకో సంగతి, మూత్రపిండాల జబ్బు ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయవలసిన పని లేదు. ప్రసూతి కారణాలు ఉంటేనే చేయాలి.

డయాలసిస్ మీద ఉన్న స్త్రీల సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. వాళ్ళకు నెలసరి తప్పుతూ ఉంటుంది, గర్భం రావడం అరుదు, అందుకే గర్భం వచ్చినా ఎవరూ అనుమానించరు. వాంతులను యూరియా ఎక్కువైందనుకుంటారు, పొట్ట పెరిగితే నీరు చేరిందనుకుంటారు. గర్భనిర్ధారణ రక్తపరీక్ష కూడా కిడ్నీ విఫలమైనవాళ్ళలో తప్పుగా ఎక్కువ చూపవచ్చు కాబట్టి స్కానింగుతోనే నిర్ధారించాలి. డయాలసిస్ మీద ఉంటూ బిడ్డను కన్న తొలి ఉదంతం ఇటలీ నుంచి 1971లో వెలువడింది. ఆ తరువాత చాలాకాలం ఫలితాలు అంతంతమాత్రంగానే ఉన్నాయి. 2014లో కెనడాలోని టొరంటో వైద్యులు తమ రోగులనూ అమెరికా రోగులనూ పోల్చి చూస్తే, వారానికి 20 గంటలు, అంతకన్నా తక్కువ డయాలసిస్ అయినవాళ్ళలో సజీవ జననాలు 48 శాతం, 36 గంటలకు మించి అయినవాళ్ళలో 85 శాతం. తేడా అంతా గంటలలోనే ఉన్నది.

అది ఎందుకో కూడా చెబుతాను. తల్లి రక్తంలోని యూరియా మాయను దాటి బిడ్డ రక్తంలోకి సులువుగా వెళ్ళిపోతుంది. బిడ్డ మూత్రపిండాలు మంచివే గనుక, ఆ యూరియాను బయటకు నెట్టడానికి ఎక్కువ మూత్రం పోస్తాయి, ఉమ్మనీరు పెరిగిపోతుంది, గర్భసంచి సాగి నెలలు నిండకుండానే నొప్పులు వస్తాయి. పుట్టిన తరువాత కూడా ఆ బిడ్డ ఒకటి రెండు రోజులు ఎక్కువగా మూత్రం పోసి నీరసపడుతుంది, కనిపెట్టి చూడాలి. అందువల్ల తల్లి యూరియాను 75 మిల్లీగ్రాముల లోపు ఉంచేలా డయాలసిస్ పెంచుతాము. మన కేంద్రాలలో సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు జరుగుతుంది. 36 గంటలంటే వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు గంటలు. మూడు షిఫ్టులలో మంచాలు ఖాళీ లేని చోట ఒక్క మనిషికి ఇంత సమయం దొరకాలంటే డాక్టరూ టెక్నీషియనూ ఆసుపత్రి యాజమాన్యమూ కుటుంబమూ ఒకే మాట మీద ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉచితమే గాని, మారుమూల పల్లె నుంచి రోజూ రాకపోకల ఖర్చు ఎవరిది? ఈ గర్భాన్ని కొనసాగించమని నేను ఎవరినీ ప్రోత్సహించను. కొనసాగించాలని నిర్ణయించుకున్న స్త్రీకి మాత్రం ఈ గంటలు సమకూర్చాలి. రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షను, ఇనుము, ఫోలిక్ ఆమ్లం మోతాదులు పెంచాలి. బిడ్డ పెరిగేకొద్దీ ఆమె "డ్రై వెయిట్"ను, అంటే డయాలసిస్‌లో అదనపు నీరు తీశాక ఉండవలసిన బరువును, కూడా ఆరో నెల నుంచి వారానికి 300 నుంచి 500 గ్రాముల చొప్పున పెంచుకుంటూ పోవాలి. పాత అంకె దగ్గరే ఆపి నీరు లాగేస్తే బిడ్డకు రక్తం తగ్గుతుంది.

నా దృష్టిలో, మూత్రపిండాలు పూర్తిగా పోయిన యువతికి తల్లి కావాలన్న కోరిక ఉంటే ఆమెకు మేలైన దారి మార్పిడి. 1956లో అమెరికాలో ఈడిత్ హెల్మ్ అనే యువతికి ఆమె కవల సోదరి మూత్రపిండం అమర్చారు. 1958 మార్చిలో ఆమె బిడ్డను కన్నది. మార్పిడి చేయించుకున్న స్త్రీ తల్లి కావడం ప్రపంచంలో అదే మొదలు. మార్పిడి జరిగిన కొద్ది నెలలకే నెలసరి సక్రమమై, గర్భం వచ్చే శక్తి తిరిగి వస్తుంది. ఇది శుభవార్తే గాని, అదే ప్రమాదం కూడా. మైకోఫెనొలేట్ వాడుతున్న తొలి సంవత్సరంలోనే గర్భం వస్తే చిక్కు. కాబట్టి కనీసం ఏడాది, వీలైతే రెండేళ్ళు ఆగి, క్రియాటినిన్ నిలకడగా ఉండి, ప్రొటీను పోకుండా, మందులు మార్చుకున్నాక సిద్ధపడాలి. పొత్తికడుపు పక్కన అమర్చిన మూత్రపిండం బిడ్డ వచ్చే దారికి అడ్డు రాదు. సహజ కాన్పు జరగవచ్చు.

ఇక్కడే దాతల మాట. మన ఇళ్ళలో కిడ్నీ ఇచ్చేది ఎక్కువగా ఎవరు? అమ్మ, భార్య, అక్క. పిల్లలు పుట్టవలసిన వయసులో ఉన్న ఆడపిల్ల అన్నకో నాన్నకో కిడ్నీ ఇస్తానంటే, త్యాగమని పొగిడే ముందు ఆమెకు ఒక సంగతి చెప్పాలి. కెనడాలో జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, కిడ్నీ దానం చేసిన స్త్రీల గర్భాలలో రక్తపోటు గాని ప్రీఎక్లాంప్సియా గాని 11 శాతం మందికి వచ్చింది, దానం చేయని ఆరోగ్యవంతులలో 5 శాతం మందికి వచ్చింది. ఎక్కువమంది సుఖంగానే ప్రసవించారు. అయినా అది తెలుసుకుని ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు.

గర్భం వద్దనుకున్న రోజులలో ఏం వాడాలన్నది కూడా మా చీటీలలో ఉండవలసిన విషయం, దాన్ని మేము రాయము, ఆమె అడగదు. ఈస్ట్రోజెన్ ఉన్న మాలా మాత్రల వంటివి రక్తపోటునూ, గడ్డకట్టే గుణాన్నీ పెంచుతాయి కాబట్టి ఇలాంటివారికి తగవు. కాపర్-టీ, ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న పద్ధతులు వాడవచ్చు. అలాంటి ప్రొజెస్టిన్ మందే అయిన "అంతర" ఇంజెక్షను ప్రభుత్వ కేంద్రాలలోనే దొరుకుతుంది, వాడే ముందు డాక్టరును అడగాలి.

కాన్పుతో మా పని అయిపోదు. పాలిచ్చే తల్లికి ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్, టాక్రోలిమస్, ఎనలాప్రిల్ వాడవచ్చు, మైకోఫెనొలేట్ వాడకూడదు. పురిటి ఏడాదిలో తల్లి తన కోసం ఆసుపత్రికి రాదు, బిడ్డ టీకాల కోసం వస్తుంది. ఆ టీకా రోజునే తల్లి బీపీ, మూత్రం చూడండి. మూడు నెలలు దాటినా మూత్రంలో ఆల్బుమిన్ కనబడటం ఆగకపోతే అది ప్రీఎక్లాంప్సియా మిగులు అనుకుని వదలవద్దు, లోపల ఇంకేదో జబ్బు ఉండవచ్చు. నార్వే వాళ్ళు 2008లో చూపినది ఏమంటే, తొలికాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు తరువాతి దశాబ్దాలలో మూత్రపిండాలు పూర్తిగా విఫలమయ్యే అవకాశం నాలుగు రెట్లకు మించి ఉన్నదని. అసలు ప్రమాదం తక్కువే గనుక నాలుగు రెట్లయినా అది కొద్దిమందికే వస్తుంది. కానీ ఏటా ఒక్క బీపీ, ఒక్క మూత్రపరీక్ష చేస్తే ఆ కొద్దిమంది ముందే దొరుకుతారు.

వెనుక వరుస నుంచి ఒక చెల్లెమ్మ చీటీ పంపింది: "నాకు మూడో నెల, మూత్రంలో ఆల్బుమిన్ పోతుంది, మాత్రలు వాడుతున్నాను. బిడ్డ నిలిస్తే అలిపిరి నుంచి నడిచి కొండకు వస్తానని మొక్కుకున్నాను. ఎక్కవచ్చా? శనివారం ఉపవాసం ఉండవచ్చా?" అమ్మా, అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. ఎండలో, దాహంతో, నీ ఒంట్లో నీరు తగ్గితే అది నేరుగా మూత్రపిండాల మీద పడుతుంది. మొక్కుకు గడువు పెట్టుకోలేదు కదా? కాన్పయ్యి, మూడు నెలల పరీక్షలు చూపించి, నీ డాక్టరు సరేనన్నాక బిడ్డను మీ ఆయన చేతికిచ్చి నడువు. ఈలోగా దర్శనం చేసుకోవాలంటే బస్సులో వెళ్ళు, నీళ్ళ సీసా దగ్గర ఉంచుకో. శనివారం ఉపవాసం ఈ ఏడాదికి మానుకో, మాత్రలు మాత్రం శనివారం కూడా వేసుకో. నీకు ఆస్పిరిన్ రాశారో లేదో తెలియదు, సభ అయ్యాక నీ కార్డు పట్టుకుని ఇటు పక్కకు రా తల్లీ, చూస్తాను.